కాకినాడ

అమ్మలూ,

సముద్రం మీద చమురు తీసే ప్లాట్‌ఫాంలో ఉద్యోగానికి ముంబయి జుహూలో హెలికాప్టరు ఎక్కే తేదీ ఖాయమైందన్నావు. ఫోను పెట్టేసేముందు ఒక మాట అడిగావు: "బాబాయి ఎలా పోయాడో మనింట్లో ఎవరూ సరిగ్గా చెప్పరేం నాన్నా?" అని. నిజమే. పిన్నిని అడిగితే మంటల్లో అంటుంది, నాన్నమ్మను అడిగితే సముద్రంలో అంటుంది. రెండూ అబద్ధం కాదు. కానీ ఆ మంటా ఆ సముద్రమూ రోజూ అక్కడే ఉంటాయి, రోజూ మనుషుల్ని తీసుకుపోవు. నువ్వు ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినదానివి. ఏ పైపు, ఏ వాల్వు, ఎంత గ్యాసు అని చెబితేనే నీకు బుర్రకెక్కుతుంది. అందుకే రాస్తున్నాను. పక్కన తెల్లకాగితం పెట్టుకుని బొమ్మ వేసుకుంటూ చదువు.

2005 జూలై 27, బుధవారం. ముందురోజు మంగళవారం ముంబయి శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. మన జిల్లాకు ఏడాదంతా కలిపి పడే వానలో ముప్పాతిక పైమాటే, ఒక్క రోజులో. హెలికాప్టర్లు లేవలేదు. మిగతాదంతా ఇక్కణ్ణించే మొదలు.

తీరానికి పడమరగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, బాబాయి ఆ రోజు ఉన్న బాంబే హై నార్త్ ఉండేది. అక్కడివాళ్ళ నోట బీహెచ్‌ఎన్. అది ఒక్క ప్లాట్‌ఫాం కాదు, వంతెనలతో కలిపిన గుంపు. 1976 నాటి చిన్న బావుల ప్లాట్‌ఫాం ఎన్‌ఏ ఒకటి, మనుషులు ఉండేది 1978ది, తర్వాత చేర్చినది ఇంకొకటి, చమురునీ గ్యాసునీ వేరుచేసే పెద్ద ప్లాట్‌ఫాం 1981ది. గుంపు పేరే దానికీ, బీహెచ్‌ఎన్ అని. పక్కనే బావి పనికి వచ్చి సముద్రంలోకి కాళ్ళు దింపి నిలబడ్డ జాకప్ రిగ్గు ఒకటి. వాటన్నిటిమీదా, దగ్గర్లో ఉన్న ఓడలోనూ కలిపి ఆ రోజు 384 మంది.

ఆ ఓడ డైవర్ల పనికి వచ్చింది. పేరు సముద్ర సురక్ష. (పేరు గురించి నన్నేమీ అనమనకు.) దాంట్లో వంటమనిషికి రెండు వేళ్ళ కొసలు తెగాయి. మామూలు రోజైతే హెలికాప్టరు వచ్చి తీసుకుపోయేది. ఆ రోజు రాదు కాబట్టి, ప్లాట్‌ఫాం మీదికి చేరిస్తే అక్కడ వైద్యం చేస్తారని ఓడను బీహెచ్‌ఎన్ దగ్గరికి తెచ్చారు. క్రేను బాస్కెట్‌లో అతన్ని పైకి తీసుకున్నారు. ఆ పని క్షేమంగానే అయింది. ప్రమాదం ఆ తర్వాత.

ఇక్కడ కాగితం మీద ఓడనూ ప్లాట్‌ఫాంనూ గీసి గాలికి ఒక బాణం వెయ్యి. ప్లాట్‌ఫాంకి గాలి ముందుగా తగిలే వైపు పైగాలి వైపు, దాటి వెళ్ళిపోయే వైపు కిందిగాలి వైపు. ఓడ కిందిగాలి వైపు నిలబడి ఉండగా ఇంజను ఆగిపోయిందనుకో, గాలే దాన్ని ప్లాట్‌ఫాం నుంచి అవతలికి తోసేస్తుంది. పైగాలి వైపు ఉండగా ఆగిందా, నేరుగా ప్లాట్‌ఫాం మీదికే తోస్తుంది. ఆ రోజు ఓడ పైగాలి వైపు నుంచి వచ్చింది. వస్తూ ఉండగానే ఓడను ఒక్కచోట నిలిపి ఉంచే అజిముత్ థ్రస్టర్లలో తేడా కనిపించింది. కంప్యూటరు నడిపే పద్ధతి మాని చేత్తో నడుపుతూ వెనుకభాగం ముందుగా చేరువకు తెచ్చారు.

థ్రస్టరు అంటే ఓడ అడుగున ఏ దిక్కుకైనా తిరిగే ఫ్యాను లాంటిది. చుట్టూ గాలి, ప్రవాహం, అలలు ఎంత తోస్తున్నాయో కంప్యూటరు లెక్కకడితే, అంతకు అంత ఎదురు తోస్తూ ఉండటం దాని పని. వానాకాలం పోటెత్తే అలల్లో ఈ లెక్క క్షణక్షణం మారుతుంది. ఊరికే ఒక లెక్క వేసుకో: ఓడకూ ప్లాట్‌ఫాంకీ మధ్య 10 మీటర్లుంది, ఓడ సెకనుకు అర మీటరు చొప్పున జారుతోంది. 20 సెకన్లు. చక్రం దగ్గర ఉన్న మనిషి తేడా గమనించడానికి ఐదారు, మీట తిప్పితే థ్రస్టరు దారికి రావడానికి ఇంకొన్ని, వేల టన్నుల ఓడ వేగం చచ్చి వెనక్కి కదలడానికి మిగిలినవన్నీ చాలవు. అందుకే ఇప్పుడు ప్లాట్‌ఫాం చుట్టూ 500 మీటర్ల గిరిలోకి రాకముందే ఓడను ఆపి థ్రస్టర్లన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాలంటారు. గిరి బయట తేడా కనిపిస్తే లోపలికి రాకూడదు. అంతే, దాంట్లో ఇంకో ఆలోచన లేదు.

సాయంత్రం 4 గంటలు దాటాక ఒక పెద్ద అల ఓడను ప్లాట్‌ఫాం వైపు నెట్టింది. ఓడ వెనకవైపు హెలికాప్టరు దిగే హెలీడెక్ అంచు వెళ్ళి రైజరుకు తగిలింది.

ఈ రైజరు సంగతి నిదానంగా చదువు. నీ ఉద్యోగమంతా దీని చుట్టూనే.

ప్లాట్‌ఫాం కాళ్ళ చట్రాన్ని జాకెట్ అంటారని నీకు తెలుసు. సముద్రం అడుగున పరుచుకున్న పైపులైను ప్లాట్‌ఫాం దగ్గరకొచ్చి, జాకెట్‌ను ఆనుకుని నిలువుగా డెక్కు మీదికి లేస్తుంది. ఆ నిలువు ముక్క రైజరు. మామూలుగా వీటిని జాకెట్ కాళ్ళ లోపల దాచిపెడతారు, కాళ్ళే వాటికి గోడ. ఆ రోజు దెబ్బ తిన్న గ్యాస్ లిఫ్ట్ రైజరు జాకెట్ బయటి వైపున ఉంది. దాని ముందు ఇనుప కంచె ఉన్నా, అది సరుకు తెచ్చే చిన్న ఓడలు తగిలితే తట్టుకునేంతదే. ఇంత పెద్ద ఓడను మనసులో పెట్టుకుని కట్టింది కాదు. పైగా అది ఓడలు వచ్చి సరుకు దించే చోటికి దగ్గర్లోనే. కట్టినప్పుడు వచ్చే ఓడలు వేరు, పాతికేళ్ళ తర్వాత వచ్చే ఓడలు వేరు. ఓడలు పెరుగుతూ పోయాయి, కంచె పెరగలేదు.

గ్యాస్ లిఫ్ట్ అంటే ఏమిటో మీ కాలేజీలో చెప్పారో లేదో. బావి ముసలిదయ్యాక చమురు తనంతట తాను పైకి రాదు. అప్పుడు గ్యాసును బాగా నొక్కి బావిలోకి దింపుతారు. అది బుడగలై చమురులో కలిసి దాన్ని తేలిక చేసి పైకి లేపుతుంది. అందుకని ఆ పైపులో గ్యాసు ఎప్పుడూ గట్టి ఒత్తిడిలో ఉంటుంది.

ఎంత ఉంటుందో ఒక ఊహా పైపు మీద లెక్క కట్టి చూడు. లోపలి వ్యాసం 30 సెంటీమీటర్లు, పొడుగు 10 కిలోమీటర్లు. లోపలి చోటు సుమారు 700 ఘనపు మీటర్లు. 90 బార్ ఒత్తిడిలో అంటే, బయటికొచ్చి విడుచుకుంటే 63 వేల ఘనపు మీటర్లు. బరువులో 47 టన్నుల పైచిలుకు. మన వంటింటి సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. అంటే 3,300 సిలిండర్లు ఒకే గొట్టం మూతిలోంచి. ఇది ఒక్క పైపు లెక్క.

"వాల్వు మూసెయ్యొచ్చు కదా" అంటావు. మూసేస్తారు, అదే మూసుకుంటుంది కూడా. నీ చేతికి రాబోయే ఈఎస్‌డీవీలు, అంటే ప్రమాదంలో వాటంతటవే మూసుకునే వాల్వులు, అందుకే. కానీ వాల్వు సాధారణంగా డెక్కు మీద ఉంటుంది, ఓడ తగిలేది దాని కింద. వాల్వుకు కింద పైపు తెగితే, వాల్వు ఎంత బిగ్గా మూసుకున్నా ఆపేది ప్లాట్‌ఫాం వైపు గ్యాసునే. సముద్రం అడుగున ఉన్న కిలోమీటర్ల పైపులోది మొత్తం ఆ తెగిన చోటికే పరిగెత్తుకొస్తుంది. దాన్ని ఆపాలంటే సముద్రం అడుగునే ఇంకో వాల్వు ఉండాలి, అదీ ప్లాట్‌ఫాంకి కాస్త ఎడంగా. ప్లాట్‌ఫాం మీద పాత్రల్లో ఉన్న గ్యాసునైతే ఫ్లేరు వైపు, అంటే వదిలిన గ్యాసును కాల్చేసే గొట్టం వైపు, వదిలి పావుగంటలో ఒత్తిడి చాలావరకు దించెయ్యొచ్చు. పైపులైనును అలా ఖాళీ చెయ్యడం కుదరదు.

మన కోనసీమవాళ్ళకు గ్యాసు మంట కొత్త కాదు. పాశర్లపూడిలో 1995 జనవరి 8న అంటుకున్నది 65 రోజులు మండింది. అది బావి తిరగబడటం, భూమిలోంచి వచ్చే గ్యాసు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో పగిలింది పైపులైను. బాబాయిది ఈ రెండో జాతి. బావి తిరగబడేముందు, తవ్వేటప్పుడు బావిలో నింపే బురద లెక్కల్లోనో ఒత్తిడిలోనో సూచనలు కనిపిస్తాయి, గంటల ముందు కూడా కనిపించవచ్చు. పైపు తెగితే ఏ సూచనా ఉండదు. తెగడమే మొదలు.

కారిన గ్యాసు కాసేపట్లోనే అంటుకుంది. ఒత్తిడితో చిమ్మే గ్యాసు మంట పొయ్యి మంటలా పైకి లేవదు, కొలిమి తిత్తిలోంచి వచ్చినట్టు ఒకే దిక్కుకు దూసుకుపోతుంది. దాని వేడి 1,000 డిగ్రీలు దాటుతుంది. కట్టడానికి వాడే ఉక్కు 550 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి బలం సగానికి పడిపోతుంది. పూత లేని ఉక్కుకు ఆ మంట సూటిగా తగిలితే ఆ వేడి ఎక్కడానికి నిమిషాలు చాలు. ఆ రైజరు పక్కనే మిగతా రైజర్లు, వాటికి మంట తగలకుండా పూత లేదు. ఒకదాని మంటకు ఇంకొకటి పగిలింది. ప్రతిదీ తన వెనక కిలోమీటర్ల కొద్దీ పైపులో ఉన్నదాన్ని తెచ్చి పోసింది. రెండు గంటల్లో బీహెచ్‌ఎన్ కూలిపోయింది. నీళ్ళ పైన జాకెట్ మొదలు మాత్రం మిగిలింది. ఓడకూ మంట అంటుకుంది. ఆగస్టు 1న అది మునిగింది.

ఆ ఓడలో ఇంకొక సంగతి జరిగింది, ఇది నీకు తప్పకుండా తెలియాలి. ఆరుగురు డైవర్లు సాచురేషన్ చాంబర్లో ఉన్నారు. లోతులో పనిచేసేవాళ్ళను రోజుల తరబడి ఆ లోతు ఒత్తిడిలోనే ఉంచుతారు, ఓడ మీద ఒక ఇనుప గదిలో. తలుపు తీసి బయటికి లాగితే రక్తంలో కరిగిన వాయువు, సోడా మూత తీసినట్టు, బుడగలై పొంగి ప్రాణం తీస్తుంది. 70, 80 మీటర్ల ఒత్తిడి నుంచి మెల్లగా దించడానికే మూడు నాలుగు రోజులు. ఓడలో మిగతావాళ్ళు దిగిపోయారు. వీళ్ళను తీసుకుపోయే దారి లేక వదలాల్సి వచ్చింది. 36 గంటల తర్వాత ఆరుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. మంట పట్టిన ఓడ మీద, తలుపు తీయలేని గదిలో. ఆ రోజు జరిగిన వాటిలో నేను ఎక్కువసార్లు తలుచుకునేది ఇదే.

384 మందిలో 362 మందిని నావికాదళం, కోస్ట్ గార్డ్, చుట్టుపక్కల ఓడలు రక్షించాయి. పోయినవాళ్ళు 22 మంది. వాళ్ళలో 11 మంది శరీరాలు దొరికాయి, 11 మందివి దొరకలేదు. బాబాయి దొరకని పదకొండుమందిలోవాడు. ఆ సాయంత్రం నాలుగింటికి ఎక్కడ నిలబడ్డాడో ఎవరూ చెప్పలేకపోయారు. అడగడం కూడా మానేశాం.

శరీరం దొరకనప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారో నువ్వు చూడలేదు, చిన్నదానివి. మోదుగాకుల తొడిమలు 360 తెస్తారు. వాటిని దర్భలతో కట్టి మనిషి ఆకారం చేస్తారు. తలకు 40, దానిమీద కొబ్బరికాయ. మెడకు 10, రొమ్ముకు 20, పొట్టకు 20, రెండు చేతులకూ 100, నడుముకు 20, రెండు తొడలకూ 100, మోకాళ్ళ నుంచి పిక్కలకు 30, కాలివేళ్ళకు 10. మిగిలిన పదీ మిగతా అంగాలకు. పురోహితుడు ఒక్కొక్కటీ లెక్కపెట్టి అందిస్తాడు, కట్టేవాడు మళ్ళీ లెక్కపెట్టి కడతాడు. ఒకటి తగ్గినా ఆగి మళ్ళీ మొదటినుంచి. దాన్నే పర్ణనరం అంటారు. దానికే దహనం, దాని బూడిదే గోదాట్లో కలపడం. పార్థివ నామ సంవత్సరం ఆషాఢ బహుళ సప్తమి తిథి. ఆ తిథి ప్రతి ఏడూ జూలై 27నే రాదు. పిన్నికి తేదీ గుర్తు, నాన్నమ్మకు తిథి గుర్తు. మనింట్లో ఏడాదికి రెండుసార్లు దీపం పెట్టేది అందుకే.

కాగితాల సంగతి వేరే. మనిషి కనిపించకుండా పోయి ఏడేళ్ళు జాడ లేకపోతేనే పోయినట్టు చట్టం తలుస్తుంది. పాత సాక్ష్యాధారాల చట్టంలో అది 108వ సెక్షను, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 111. కానీ ఫలానా చోట ఫలానా సమయాన ఉన్నాడని గట్టి రుజువుంటే అన్నేళ్ళు ఆగక్కర్లేదు. ఆ రుజువు ఎక్కడుంటుంది? పీఓబీ లిస్టులో. అంటే ఆ రోజు ఆ ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్ళ జాబితా. హెలికాప్టరు ఎక్కేముందు రాసే మానిఫెస్టు ఇంకొకటి. వీటిలో నీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో నువ్వే చూసుకో. వంతెన దాటి పక్క ప్లాట్‌ఫాంకో, పనిమీద ఓడ మీదికో వెళ్ళినా చెప్పి వెళ్ళు, చెప్పి రా. పీఎఫ్ నామినేషను మొదటి నెలలోనే నింపు. నింపు అంటే అమ్మ పేరు రాయమని కాదు, ఖాళీ వదలొద్దని. ఇంటి ఫోను నంబరు రెండు ఇవ్వు, రెండూ ఒకే మనిషివి కాకుండా.

ఇప్పుడు నీ పని.

ఈఎస్‌డీవీ ఎలా మూసుకుంటుందో నీకు తెలుసు. సోలినాయిడ్‌కు, అంటే గాలిని వదిలే కరెంటు మీటకు, కరెంటు పోతే గాలి బయటికి పోతుంది, స్ప్రింగు వాల్వును మూస్తుంది. కరెంటు పోయినా మూసుకోవాలి, గాలి పోయినా మూసుకోవాలి. పుస్తకంలో ఇంతే. ఉప్పుగాలిలో పదేళ్ళున్నాక ఏం పాడవుతుందో చెబుతాను. గాలి బయటికి పోయే మూతిలో ఉప్పు పేరుకుంటుంది. జాలీ ఉందా, శుభ్రంగా ఉందా చూడు. గాలి పోవడం ఆలస్యమైతే వాల్వూ ఆలస్యమే. ఎన్నాళ్ళుగానో కదలని సోలినాయిడ్ అతుక్కుపోతుంది. స్ప్రింగు తుప్పుపడుతుంది. ఇంకొకటి, అన్నిటికంటే మోసం చేసేది: వాల్వు ఎక్కడుందో స్క్రీనుకు చెప్పే లిమిట్ స్విచ్ "మూసుకుంది" అంటుంది, లోపల బంతి ఐదు డిగ్రీలు తెరిచే ఉంటుంది. స్క్రీను మీద రంగు మారింది కదా అని వచ్చెయ్యకు. వాల్వు దగ్గర నిలబడి కాండం మీద గీత చూడు.

సమయం కొలువు. అంగుళానికి ఒక సెకను అన్నది పాతవాళ్ళ కొలత. 12 అంగుళాల వాల్వు 12 సెకన్లకు కాస్త అటూ ఇటూగా మూసుకోవాలి. కచ్చితమైన అంకె మీ డిజైన్ కాగితాల్లో ఉంటుంది, అదే ప్రమాణం. కిందటేడు 11, ఈ ఏడు 17 అయితే, రెండూ "పాస్" అయినా, ఆ ఆరు సెకన్లు ఎక్కడ పోయాయో వెతుకు. వాల్వును కొంచెమే కదిపి చూసే పార్షియల్ స్ట్రోక్ టెస్టు వాల్వు కదులుతుందని మాత్రమే చెబుతుంది, గ్యాసును ఆపుతుందని చెప్పదు. అది తెలియాలంటే పూర్తిగా మూసి, ఒక పక్క ఒత్తిడి వదిలి, గేజి ఎంతసేపట్లో ఎంత పెరిగిందో రాసుకోవాలి. ఇసుక వచ్చే బావుల దగ్గర సీటు మీద గీతలు పడతాయి. గేజి మెల్లగా పైకి పాకుతుంటే అదే.

బైపాస్ రిజిస్టరు, అంటే భద్రతా పరికరాల్లో వేటిని కాసేపు ఆపి ఉంచారో రాసే పుస్తకం. ఎక్కడో వెల్డింగు ఉందని గ్యాస్ డిటెక్టరును ఇన్‌హిబిట్‌లో పెడతారు, అంటే పనిచెయ్యకుండా ఆపుతారు. పని అయిపోతుంది, టీకి వెళతారు, షిఫ్టు మారుతుంది, డిటెక్టరు గుడ్డిగానే ఉండిపోతుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఎప్పటిదాకా, ఈ నాలుగూ రాయించు. షిఫ్టు అప్పగించేటప్పుడు రిజిస్టరు మూసి చేతికివ్వకు, తెరిచి ఒక్కో గీతా చదివి ఇవ్వు.

దీనికి నీకు పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫాం సంగతి చెప్పాలి. స్కాట్లండ్ దగ్గర ఉత్తర సముద్రంలో 1988 జూలై 6 రాత్రి. ఒక పంపుకు ఓవర్‌హాలు చెయ్యాలని ఒక పర్మిటు, అంటే పనికి అనుమతి కాగితం, అదే పంపు సేఫ్టీ వాల్వు విప్పినందుకు ఇంకో పర్మిటు. రెండూ వేరువేరు కాగితాలు, వేరువేరు చోట్ల. వాల్వు ఉన్నచోట ఉత్తి బిళ్ళ బిగించి ఉంది, గ్యాసు ఆగేంత గట్టిగా కాదు. రాత్రి రెండో పంపు ఆగిపోతే, షిఫ్టులో ఉన్నవాళ్ళకు మొదటి కాగితమే తెలుసు, రెండోది తెలియదు. ఆ మొదటి పంపు నడిపారు. పదింటికి పేలింది. ఆ మొదటి పేలుడు చిన్నదే. పది ఇరవై అయ్యేసరికి పక్క ప్లాట్‌ఫాం నుంచి వచ్చే గ్యాసు రైజరు ఆ వేడికి పగిలింది. ఇక దేన్నీ ఆపలేకపోయారు. 167 మంది పోయారు, 61 మంది బతికారు. పోయినవాళ్ళలో చాలామందిని తీసుకుపోయింది మంట కాదు, పొగ. హెలికాప్టరు వస్తుందని బసలో ఎదురుచూస్తూ ఉండిపోయారు. విచారణ చేసిన లార్డ్ కల్లెన్ 1990లో 106 సిఫార్సులు రాశాడు. రైజరు ప్రమాదమేమిటో ప్రపంచానికి అప్పుడే తెలిసింది. బాబాయి పోయింది ఆ తర్వాత 17 ఏళ్ళకు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మనదేశంలో సముద్రం మీది పనులకు వేరే భద్రతా నియమాలు 2008లో వచ్చాయి. వాటి కాపీ మీ కంట్రోల్ రూములో ఉంటుంది, చదువు.

దిగిన మొదటి గంట గురించి. ఇండక్షను అయ్యాక గదిలో సామాను పడేసి పడుకోకు. తలుపు దగ్గర నిలబడి, మస్టర్ స్టేషనుకు, అంటే ప్రమాదమప్పుడు అందరూ చేరే చోటికి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడువు. మలుపులెన్ని, మెట్లెన్ని, ఏ తలుపు లోపలికి తెరుచుకుంటుంది, ఏది బయటికి. రెండో దారిలో ఇంకోసారి. రాత్రి లైటు ఆపి, కుడిచెయ్యి గోడకానించి ఇంకోసారి. పొగలో కళ్ళు పనిచెయ్యవు, చెయ్యి పనిచేస్తుంది. నేలకు దగ్గరగా పొగ పలచగా ఉంటుంది, వంగి కాదు, పాకుతూ వెళ్ళాలి. పొగలో తలకు తొడుక్కునే స్మోక్ హుడ్ అలమరాలో కాక మంచం మీంచి చెయ్యి చాస్తే అందేచోట ఉండాలి.

నీ లైఫ్‌బోటు నంబరు ఒక్కటీ తెలిస్తే చాలదు. బీహెచ్‌ఎన్ గుంపులో ఉన్న 8 లైఫ్‌బోట్లలో నీళ్ళలోకి దిగినవి రెండు. 10 లైఫ్‌రాఫ్ట్‌లలో ఒకటి. బోటు ఎంత మంచిదైనా దానికీ నీకూ మధ్య మంట ఉంటే అది నీది కాదు. అందుకని అవతలి పక్క బోటు, అవతలి పక్క రాఫ్ట్, తాళ్ళ వల, నిచ్చెన, అన్నీ చూసి పెట్టుకో. రాఫ్ట్ డబ్బా తాడు ప్లాట్‌ఫాంకి కట్టి ఉందో లేదో చూడు. కట్టకుండా విసిరితే డబ్బా కొట్టుకుపోతుంది. విసిరాక తాడు చివరిదాకా లాగి ఒక్క గుంజు గుంజితేనే గాలి నిండుతుంది. తలకిందులుగా తెరుచుకుంటే భయపడకు: గ్యాసు సిలిండరున్న పక్క నిలబడి, ముఖం గాలికి ఎదురుగా పెట్టి, అడుగున ఉన్న పట్టీ లాగుతూ వెనక్కి వాలు. గాలే దాన్ని తిప్పుతుంది. దూకాల్సే వస్తే, వీలైనంత కిందికి దిగి దూకు. ఒక చెయ్యి ముక్కు మూసి, రెండోది దానిమీదుగా లైఫ్‌జాకెట్‌ను గట్టిగా కిందికి పట్టి, కిందికి చూడకుండా ఎదురుగా చూస్తూ అడుగు ముందుకు వెయ్యి. జాకెట్ పట్టుకోకపోతే నీళ్ళు తగిలినప్పుడు అది పైకి లేచి మెడకు కొడుతుంది.

క్రేను ఎత్తే బాస్కెట్ ఎక్కాల్సొస్తే: మనుషులు బయట, సామాను లోపల. చాలామంది కొత్తవాళ్ళు లోపల నిలబడాలనుకుంటారు. కాళ్ళు అంచు చక్రం మీద, చేతులు వలలోకి దూర్చి మోచేతుల దగ్గర మెలేసి, మోకాళ్ళు కాస్త వదులుగా. దిగేది ఓడ మీదికైతే డెక్కు పైకి లేచి నీ కాళ్ళకు కొడుతుంది, నిటారుగా బిగుసుకుని ఉంటే చీలమండ పోతుంది. క్రేను మనిషి నిన్ను నేరుగా చూడగలుగుతున్నాడో, సైగ చేసేవాడి మీద ఆధారపడ్డాడో కనుక్కో. గాలి బాగా లేదని నీకనిపిస్తే ఎక్కనని చెప్పు. కొత్తమ్మాయి భయపడిందనుకుంటే అనుకోనీ.

ఇంకో పని, పనిలో భాగం కాదు. ఖాళీ దొరికినప్పుడు, వాన లేనప్పుడు, పర్మిటు ఉన్న దారిలోనే, కింది డెక్కు మీదికి దిగి మీ రైజర్లు ఎక్కడెక్కడున్నాయో చూడు. ఏవి కాళ్ళ లోపల, ఏవి బయట. బయటున్నవాటి ముందు కంచె ఎంత, ఇప్పుడు వచ్చే ఓడలు ఎంత. ఓడలు ఏ వైపు నిలుస్తాయి, ఆ వేళ గాలి ఎటు. బొమ్మ గీసి దాచుకో. వచ్చినప్పుడు నాకు చూపించు.

ఈసారి సప్తమి నీ డ్యూటీ మధ్యలో పడుతోంది. అక్కడ దీపం వెలిగించకు, నిప్పు తెచ్చే పని ఏదీ పెట్టుకోకు. నాన్నమ్మకు నేను చెప్పుకుంటాను. ఆ పూట భోజనంలో మొదటి ముద్ద పక్కన పెట్టు, చాలు.

దిగగానే సిగ్నలుంటే మస్టర్ స్టేషను నంబరు, లైఫ్‌బోటు నంబరు మెసేజ్ పెట్టు. గది నుంచి అడుగులెన్నో కూడా, రెండు దారులవీ.

నాన్న